నెమలి పెట్టిన క్యాంపు

పెద్దడవికంతా సింహమే ప్రభువు. అందులో తూర్పు తోపుకు మాత్రం నెమలి ముఖ్యమంత్రి. తోపు ఎన్నుకున్న పావురాల్లో సగానికి మించి దాని మునగ కొమ్మ మీద వాలినన్నాళ్లే ఆ పదవి.

ఒకరోజు సింహం తరఫున కొంగ వచ్చింది. "నీవాళ్లు నీతో లేరంటున్నారు. పున్నమినాడు బలం చూపించు" అంది.

నెమలి ఆలస్యం చేయలేదు. పదవి మీద కన్నేసిన గోరింక తనవాళ్లను ఎక్కడ ఎగరేసుకుపోతుందోనని, పావురాలన్నిటినీ ఏటి అవతల జొన్నచేలో క్యాంపుకు తోలుకెళ్లింది. "తినండి నాయనా, ఎగరడం మాత్రం వద్దు" అంటూ దగ్గరుండి మేపింది.

"తోపులో వాన పడుతోంది, గూళ్లు చూసుకోవాలి" అందో పావురం.

"ముందు పదవి నిలబడనీ. గూళ్లెక్కడికి పోతాయి?" అంది నెమలి.

పున్నమి నాటికి ఒక్క పావురమూ జారిపోలేదు. బలిసిన ఒళ్లతో ఆయాసపడుతూ వచ్చి, అన్నీ మునగ కొమ్మ మీదే వాలాయి. నెమలి గోరింక వైపు చూసి దర్జాగా పురి విప్పింది.

కొమ్మ ఫెళ్లున విరిగింది.

"మెజారిటీ నాదే కదా!" అని బురదలోంచి అరిచింది నెమలి.

"నీదే, ఎవరు కాదన్నారు?" అంది కొంగ. "కూర్చోడానికి కొమ్మేదీ?"