స్టాకు లేదు

"కంప్యూటర్లే లేని కంప్యూటర్ షాపులో నేనెందుకు పెట్టుబడి పెట్టల్ల?" అన్నాడు ఆదినారాయణ, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

నాగేంద్ర పొద్దుటి నుంచీ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"అన్నీ అమ్ముడుబోయినాయి మామా. అదే మన కష్టం. తెచ్చింది తెచ్చినట్టే పోతాంది. మళ్ళీ తెద్దామంటే చేతిలో పెట్టుబడి సాల్లేదు."

నిన్న సాయంత్రం దాకా ప్రొద్దుటూరులోని ఆ షాపు నిండా పెట్టెలే. జమ్మలమడుగు బ్రాంచిలోనూ అంతే. కొనేవాళ్ళు లేరు. ఆదినారాయణ చెయ్యి కలపకపోతే దసరాకు రెండు షట్టర్లూ దిగిపోతాయి. గుట్టలు చూస్తే ఎవడు చెయ్యి కలుపుతాడు? అందుకని నాగేంద్రా, మెకానిక్ జమీరూ కలిసి రాత్రికి రాత్రే ఈ షాపు సరుకంతా వెనక సందులో ఉండే అఖ్తర్ బీ అనే ఆమె ఇంట్లోకి చేరవేశారు. ఇప్పుడామె పొయ్యి దగ్గరికి పోవాలంటే మానిటర్ల మధ్య పక్కకు తిరిగి నడవాలి.

వీరపునాయునిపల్లెలో ఆదినారాయణకు నలభై ఎకరాల పొలమూ, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మడన్న పేరూ ఉన్నాయి. లోపలికి వచ్చి ఖాళీ అరల మీద వేలు పెట్టి చూశాడు. వంగి బల్ల కింద చూశాడు. వెనక గది తలుపు తీశాడు. బాత్రూము తలుపు కూడా తీశాడు.

"పేపర్లో ఇంకో తీరుగా రాసినారే. అందరూ ఫోన్లతోనే కానిస్తాంటే కంప్యూటర్ కంపెనీల గోడౌన్లలో సరుకు గుట్టలు పడిందంట. షేర్లు కొన్నోళ్ళు తలలు పట్టుకున్నారంట."

"అది అమెరికా సంగతి మామా. ప్రొద్దుటూరు వేరే."

"ఏం వేరే? ఈడోళ్ళకు ఫోన్లు లేవా?"

"ఫోన్లో సినిమా చూస్తారు. చదువుకోవాలంటే కంప్యూటరే గదా."

జమీర్ ఫోను మోగింది. "లేద్సార్, స్టాకు లేదు. మీ పేరు రాసుకుంటా" అని గట్టిగా చెప్పి పెట్టేశాడు. ఫోను చేసింది అతని భార్య, ఇంట్లో బియ్యం అయిపోయాయని.

అప్పుడే ఒక నడివయసు ఆడమనిషి మెట్లెక్కి వచ్చింది. జమీర్ ఆమెను గుర్తుపట్టి, "ఏంది రషీదక్కా, ఇట్ల వచ్చినావు?" అన్నాడు.

"మా పాపకు ఇంజనీరింగు సీటొచ్చింది. మంచి ల్యాప్‌టాప్ ఒకటి చూపీండి. దుడ్లు తెచ్చినా" అంటూ ఆమె పర్సు తెరిచింది.

చాలాకాలానికి ఆ మెట్లెక్కిన మొదటి బేరం. నాగేంద్ర ఆదినారాయణ వైపు చూశాడు. ఆదినారాయణ నాగేంద్ర వైపే చూస్తున్నాడు.

"స్టాకు లేదక్కా" అన్నాడు నాగేంద్ర.

"ఒకటన్నా లేదా? మొన్న ఈ దావన పోతాంటే పైకప్పు దాకా ఉండె గదా పెట్టెలు."

"మొన్న ఉండె. నిన్న పోయినాయి" అన్నాడు జమీర్.

"మళ్ళెప్పుడొస్తాయి?"

"చెప్పలేమక్కా" అన్నాడు నాగేంద్ర.

"సరేలే, కడపలో చూస్తాం" అని ఆమె పర్సు మూసుకుని మెట్లు దిగింది. వెంటపడి పరిగెత్తి, వెనక సందులోకి రమ్మని చెవిలో చెబుదామా అనిపించింది నాగేంద్రకు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరామె? నువ్వే చెప్పి పిలిపించినావా?" అన్నాడు ఆదినారాయణ.

"నా బిడ్డల మీద ఒట్టు మామా. నేను పిలిపించలే."

పొద్దుటి నుంచి అతను పలికిన నిజం అదొక్కటే. చెప్తుంటే కళ్ళు చెమర్చాయి. ఆ బాధ చూసి ఆదినారాయణ మెత్తబడ్డాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచి కుర్చీలో కూర్చున్నాడు. జమీర్ టీ తెప్పించాడు.

"అయితే సరుకుంటే అమ్ముతావు."

"ఎంతొస్తే అంత అమ్ముతా మామా."

"వంద వస్తే?"

"వంద ఏ మూలకు?"

"కొంచెం పాత మోడళ్ళయితే?"

"ఈడ మోడలు చూసేదెవరు? తెరిస్తే లైటు ఎలగల్ల, అంతే."

ఆదినారాయణ టీ గ్లాసు కింద పెట్టాడు. "లాభంలో సగం నాది. ఏడాది తిరిగేలోపల నా పెట్టుబడి నాకు చేరల్ల. అమ్ముడుబోలేదు అనే మాట మాత్రం నాకాడికి తేగూడదు."

"ఆ మాటే రాదు మామా."

"జమీరూ, ఇన్నావు గదా?"

"ఇన్నా సార్."

ఆదినారాయణ చెయ్యి చాపాడు. నాగేంద్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. జమ్మలమడుగు షట్టరు దిగదు. జమీర్ జీతం ఆగదు. అఖ్తర్ బీకి ఒక మంచి చీర పెట్టాలి. సాయంత్రం ఇంటికి పోయి భార్యతో ఈ సంగతి ఎలా మొదలుపెట్టాలో కూడా అతను అనుకున్నాడు.

ఆదినారాయణ ఫోను తీశాడు. "వివేకూ, నేను చూసినా, ఈడ అంతా బాగుండాది. తీస్కరా."

డబ్బుల బ్యాగు పట్టుకుని వచ్చే మనిషి కోసం నాగేంద్ర వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. వీధి మలుపులో నుంచి టార్పాలిన్ కట్టిన లారీ ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి, సరిగ్గా షాపు మెట్ల ముందు ఆగింది.

ఆదినారాయణ చెప్పులేసుకుని అతని భుజమ్మీద చెయ్యి వేశాడు.

"మా అల్లుడు వివేక్ పులివెందల్లో కంప్యూటర్ల షాపు పెట్టి, ఒక్కటీ పోక మూసేసినాడప్పా. ఇదే నా పెట్టుబడి, దింపుకో."