ఎదురు మేడ మీది కెమెరా

బాల్కనీలో వడియాలు తిప్పుతున్న రత్తమ్మ చటుక్కున గోడ చాటున కూలబడింది.

"ఏమైందక్కా?" వంటింట్లోంచి పర్వీన్ అడిగింది.

"ఎదుర్మేడ మీద ఎవడో నల్లటోడండీ. పేద్ద కెమెరా. ఇటే పెట్టేడు!"

పర్వీన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

రత్తమ్మ ఆ ఇంట్లో ఉండకూడని మనిషి. ఇంటిపనికి వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ఆ కఫీల్, కొడుతుంటే ఓర్చుకోలేక పారిపోయి వచ్చింది. పారిపోయిందని అతను కేసు పెట్టాడు. ఎంబసీ వాళ్లు దేశం వదిలి వెళ్లే ఎగ్జిట్ వీసా ఇప్పించేదాకా రియాద్ మలాజ్‌లోని ఈ మూడో అంతస్తే ఆమెకు దిక్కు.

దొరికితే ఆమె జైలుకు. దాచినందుకు పర్వీన్ మొగుడు మస్తాన్ వలీ ఉద్యోగం, అక్కడ ఉండనిచ్చే ఇకామా రెండూ గాలికి.

అయినా రియాద్ ఎండ ఊరికే పోతుంటే చూస్తూ కూర్చోవడం రత్తమ్మ వల్ల కాలేదు. పాత దుప్పటి పరిచి మినపవడియాలు పెట్టింది.

"దాక్కుంటే మాత్రం ఎండని వదులుకుంటామేటండీ?" అనేది.

పర్వీన్ కర్టెన్ సందులోంచి చూసింది. ఎదురు మేడ మీద పొడవాటి నల్లని మనిషి కెమెరా వెనక నిలబడి ఉన్నాడు. అతని ముందు ఒకమ్మాయి. ఆమె పక్కన గోడకు పెద్ద గుడ్డ, దాని మీద ఏవో రంగులు.

పర్వీన్‌కు కెమెరా ఒక్కటే కనబడింది.

మర్నాడూ అతను వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

రత్తమ్మకు ముద్ద దిగడం మానేసింది. లిఫ్టు చప్పుడైతే చాలు, వాషింగ్ మెషీన్ వెనక్కి దూరేది. చప్పుడు పోగానే వెళ్లి వడియాల మీది పావురాల్ని తోలి వచ్చేది.

ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది.

పర్వీన్ తలుపు కంతలోంచి చూసింది. అతనే!

"మేడమ్, నేను సినిమా తీస్తున్నాను. మీతో ఒక్క మాట..." ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు.

"ఇంట్లో మగవాళ్లు లేరు."

అతను వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు. "మీ బాల్కనీ గురించి..."

"లేరని చెప్పినా కదా!"

కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మస్తాన్ వలీ చొక్కా కూడా విప్పకముందే విషయమంతా చెప్పింది.

"సీఐడీ అయ్యుంటాడు," అన్నాడతను.

"బెల్లు కొట్టి పర్మిషన్ అడిగే సీఐడీని యాడన్నా చూసినారా?"

"అయితే ఆ కఫీల్ పంపించినోడే."

"నన్నట్టుకెళ్లిపోతే మిమ్మల్ని కూడా అట్టుకెళ్తారండీ," వాషింగ్ మెషీన్ వెనకనుంచి రత్తమ్మ ఏడుపు. "నేనెటైనా పోతానండీ."

"యాడికి పోతావక్కా? ఊరుకో." పర్వీన్ మొగుడి వైపు తిరిగింది. "ఆడోళ్ల బాల్కనీలు తీస్తున్నాడని ఇంటి ఓనరుకు చెప్పండి. మిగతాది ఆయనే చూసుకుంటాడు."

"పోలీసులొస్తారు! మనంతట మనమే పిలుచుకుంటామా?"

"వచ్చేది ఎదురింటికి కదా?"

పెళ్లయ్యాక పర్వీన్ డిగ్రీ చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

మర్నాడు వీధిలో పోలీసుల బండి ఆగింది. రత్తమ్మ నోట్లో తువ్వాలు కుక్కుకుని మెషీన్ వెనక నక్కింది. పర్వీన్ కర్టెన్ సందు వదల్లేదు.

ఎదురు మేడ మీద ఆ మనిషి కెమెరా మీదికి వంగి గబగబా ఏవో బటన్లు నొక్కుతున్నాడు. కాసేపటికి ఇద్దరు పోలీసులు అతన్ని కిందికి తీసుకొచ్చారు. బండి ఎక్కబోతూ తలెత్తి ఈ బాల్కనీ వైపు చూశాడు.

పర్వీన్ కర్టెన్ లాగేసింది. ఆ రోజంతా తలుపు ఎప్పుడు కొడతారా అని ముగ్గురూ గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్నారు.

ఎవరూ కొట్టలేదు.

నెల తిరక్కుండానే ఎగ్జిట్ వచ్చింది. రత్తమ్మ విమానం ఎక్కింది. ఆమె డబ్బా నిండా పోసి వెళ్లిన వడియాలు మాత్రం పర్వీన్ ఇంట్లో ఉండిపోయాయి.

భయం తీరాక పర్వీన్‌కు ఆ గుడ్డ మీది రంగులేమిటో చూడాలనిపించింది. వడియాలు వేయించి, ప్లేటు పట్టుకుని ఎదురింటికి వెళ్లింది.

ఆ అమ్మాయే తలుపు తీసింది. పేరు ఇఖ్లాస్. సూడాన్ వాళ్లమ్మాయి, పుట్టింది రియాద్‌లోనే. నవ్వుతూ మేడ మీదికి తీసుకెళ్లింది.

గుడ్డ నిండా నల్లని ఆడవాళ్ల ముఖాలు. ఒక్కటీ తల దించుకుని లేదు.

"ఇవన్నీ నువ్వే వేశావా?"

"నేనే. మాలా ఇప్పుడిప్పుడే బొమ్మలు వేస్తున్న నల్లవాళ్ల మీద ఒకాయన సినిమా తీస్తున్నాడు. మా గురించి అడిగిన మొదటి మనిషి. ఎవరో ఫిర్యాదు చేశారు. దేశం విడిచి పొమ్మన్నారు. సినిమా ఆగిపోయింది."

పర్వీన్ నోట్లో వడియం నమలడం ఆపింది. "పర్మిషన్ లేదా?"

"ఉంది. తీసింది చూపించమన్నారు, అంతే. చూపిస్తే వదిలేసేవాళ్లే. కానీ వాళ్లు మెట్లెక్కుతుంటేనే మొత్తం చెరిపేశాడు. ఈ ఎండాకాలమంతా తీసింది! ఖాళీ కెమెరా చూశాక ఎవరు నమ్ముతారు?"

"పిచ్చా ఆయనకు?"

"నేనూ అలాగే తిట్టాను." ఇఖ్లాస్ ప్లేట్లోంచి ఒక వడియం తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది. "నా వెనక బాల్కనీలో ఉన్న ఒకామె కూడా కెమెరాలో పడిందట. ఏవో తెల్లటివి ఎండబెడుతూ, మనుషుల్ని చూడగానే కూలబడేదట. జాగ్రత్త చెప్పడానికి వెళితే వాళ్లు తలుపు తీయలేదట."

పర్వీన్ ప్లేటు పిట్టగోడ మీద పెట్టేసింది.

"చెరిపేస్తూ ఒక్క మాటే అన్నాడు," అంది ఇఖ్లాస్. "'పనిచేసే ఇంటినుంచి పారిపోయాక మా అమ్మ కూడా అచ్చం అలాగే కూలబడేది' అని."