గుండీ బుగ్గ

"సూది ఎక్కడ?"

టైలరు గొంతు పెంచలేదు. అందుకే కూతురికి మరింత భయం వేసింది. ఆయన ఒళ్ళో కుక్క వణుకుతోంది. కోటు గుండీలా నల్లగా, గుండ్రంగా ఉండే దాని ముక్కు చూసే దానికి గుండీ అని పేరు పెట్టారు. ఇప్పుడా ముక్కు పక్కకి తిరిగిపోయింది. కుడి కంటి కింద బుగ్గ నిమ్మకాయంత ఉబ్బింది. కన్ను సగం మూసుకుపోయింది.

"నిన్నే. నీ మణికట్టు దిండుకి ఉండాల్సిన సూది ఏది?"

పిల్ల నోట్లో నోట్లోనే ఏదో గొణిగింది.

"కాస్త పైకి అనవే తల్లీ. ఈ ఇంట్లో కుక్కకున్న గొంతు కూడా నీకు లేదు," అంది మిషను పక్కనుంచి నాయనమ్మ.

"నిన్న సాయంత్రం చేతికుట్టు వేస్తుంటే గుండీ ఒళ్ళోకి దూకింది నాన్నా. దాన్ని దించి చూసుకుంటే సూది లేదు. అది దారం ముక్క నములుతోంది."

"రాత్రే చెప్పొచ్చుగా?"

"తిడతావని..."

ఆ ఇంట్లో సూది పోయిందంటే పాము దూరినట్టే. చేతిలో పని ఆగిన మరుక్షణం సూదిని మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చాలి. పెదాల మధ్య పెట్టుకోకూడదు. గుడ్డకి గుచ్చి వదిలేయకూడదు. ఊహ తెలిసినప్పటి నుంచీ తండ్రి ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మాట అది.

టైలరు చటుక్కున లేచాడు. కుక్కని దుప్పట్లో చుట్టి వీధిలోకి పరుగెత్తాడు. వెనకే ఆమె.

పశువుల డాక్టరు అప్పుడే షట్టరు ఎత్తాడు. బల్లమీద పెట్టీ పెట్టగానే గుండీ భయంతో ఆయన ప్యాంటు మీద ఉచ్చ పోసేసింది.

"అయ్యో, క్షమించండి సార్!"

"ఈ ఉద్యోగంలో ఇది మామూలేనయ్యా," అంటూ ఆయన లోపలి గదిలోకి వెళ్ళి మరో ప్యాంటు వేసుకొచ్చాడు. "నిన్న సాయంత్రం నువ్విచ్చిన ప్యాకెట్టు ఇక్కడే మర్చిపోవడం మంచిదైంది. నడుం దగ్గర ఇప్పుడు హాయిగా ఉంది. మా ఆవిడకి మాత్రం వదులు చేయించానని చెప్పకు."

టైలరు వినీ విననట్టు తలూపాడు. కూతురి చూపు గుండీ మీదే ఉంది.

"వాపు ఎప్పట్నుంచి?"

"పొద్దున చూశాం సార్. సూది మింగిందేమోనని..."

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. వంగి రెండు బుగ్గలూ తడిమాడు. పెదాలు ఎత్తి చూశాడు. ఊపిరి విన్నాడు.

"తేనెటీగ లాంటిదేదైనా కుడితే పెదాలు, కళ్ళు గబగబా ఉబ్బుతాయి, మెత్తగా ఉంటుంది. ఇది ఒక పక్కే ఉంది. గట్టిగా, కాలిపోతూ ఉంది. తిండి సరిగ్గా తింటోందా?"

"నాల్రోజులుగా ఎడమ పక్కే నములుతోంది," అంది పిల్ల.

"ఏంటమ్మా?"

"ఎడమ పక్కే నములుతోందట సార్," అని తండ్రి మళ్ళీ చెప్పాడు.

"ఊఁ. చూద్దాం. సూదే అయితే మాత్రం ఒకచోట ఉండదు. కండలోంచి కదులుతూ పోతుంది. కన్ను పక్కనే ఉంది."

మత్తు ఇచ్చారు. గుండీ కాళ్ళు ఒక్కొక్కటే చాపేసింది, నాలుక పక్కకి జారింది. ఎక్స్‌రే గది తలుపు మూసుకుంది.

బయట బెంచీమీద తండ్రీ కూతుళ్ళు కూర్చున్నారు. ఆయన వేళ్ళు ఒళ్ళో కనిపించని బట్టని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి. దానికేమైనా అయితే నాన్న తనని కొట్టడు, తిట్టడు. ఇక తన చేతికి సూదే ఇవ్వడు. గట్టిగా మాట రాని తనకి ఆ ఇంట్లో ఉన్న గొంతు ఆ సూదొక్కటే. పైగా గుండీ కూడా ఉండదు. పిల్ల తన ఖాళీ దిండుని గట్టిగా పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది.

"లోపలికి రండి. సూది లేదు," అన్నాడు డాక్టరు.

టైలరు గోడకి చేయి ఆనించాడు.

"ఇదిగో, పై దవడలో ఈ పెద్ద పన్ను పగిలింది. దాని వేరు దగ్గర చీము పట్టింది. వేరు కంటి కిందే ఉంటుంది కాబట్టి వాపు అక్కడ తేలింది. ఇంజెక్షను చేశాను. వాపు తగ్గాక పన్ను తీసేస్తాను. గట్టి ఎముకలు పెట్టడం మానండి."

"మా అమ్మే పెడుతుంది సార్. పళ్ళు లేనావిడకి, పళ్ళున్న వాళ్ళంటే ముచ్చట."

ముగ్గురూ నవ్వారు. పిల్లకి నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది. గుండీ ముక్కు మీద చెంప ఆనించింది. చల్లగా తగిలింది.

"కూర్చుని మందులు రాసిస్తాను." డాక్టరు స్టూలు వెనక్కి లాక్కున్నాడు. పొద్దున్నుంచి ఆయనకి కూర్చునే తీరిక దొరకడం ఇదే మొదలు. "అవునూ, సూది నిజంగానే పోయిందిగా. ఎక్కడికి పోయినట్టు? అప్పుడేం కుడుతున్నావమ్మా?"

పిల్ల కళ్ళు మూసుకుంది. నిన్నటి సాయంత్రం. కుట్టు ముగిసింది, దారం తెంచింది. గుండీ దూకింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుంది. కుడి చేయి, ఒక్క క్షణమే కదా అని, సూదిని ఒళ్ళో ఉన్న బట్టకి గుచ్చింది. గోధుమరంగు ప్యాంటు. నడుం వదులు చేసినది. వెనక, సీటు కుట్టు మీద.

కళ్ళు తెరిచింది. గోధుమరంగు ప్యాంటు స్టూలు మీదికి దిగుతోంది.

"డాక్టరుగారూ, కూర్చోకండీ!" అని ఆ పిల్ల పెట్టిన కేకకి, మత్తులో ఉన్న గుండీ కూడా ఉబ్బిన కన్ను తెరిచి చూసింది.