మట్టి గుర్రం

బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక కూడా నాకు పాత కాలం మీద పిచ్చి వదల్లేదు. జున్ను ఇవ్వడానికొచ్చిన పక్కింటావిడ అర్గిరోకి ఆ రోజు బీరువా తెరిచి, అరచేయంత మట్టి గుర్రాన్ని చూపించాను.

"మళ్లీ పాఠమా మాస్టారూ? పొయ్యి మీద పప్పుంది."

"చక్రాలు చూడమ్మా! రెండువేల నాలుగొందల ఏళ్ల నాటిది. మన కొరింథు కుమ్మరి చేతి పని."

"ముద్దుగా ఉంది. ఎక్కడ దొరికింది?"

"ఆలివ్ మొక్కకి గొయ్యి తీస్తుంటే, చిన్న సమాధిలో. ఆ రోజుల్లో పసివాళ్లు పోతే ఆడుకునే బొమ్మ పక్కనే పెట్టేవాళ్లు. మెడ మీద ఈ గీతలు చూశావా..."

ఆమె గీతలు చూడలేదు.

"మరి బిడ్డనేం చేశారు?"

గుర్రాన్ని తిరిగి బీరువాలో పెట్టేశాను. ఆ గొయ్యి తీసిన రోజు దాన్ని దూదిలో చుట్టి తెచ్చుకున్నాను. ఎముకల్ని పారతో మట్టిలో కలిపేసి, పైన మొక్క నాటాను. ఏటా ఆ చెట్టు కాయలే ఆమె ఇంటికీ పంపుతున్నాను.

ఆమె వెళ్లిపోయింది. తలెత్తి చూడలేకపోయాను.

మర్నాడు పురావస్తు శాఖకు ఫోన్ చేసి, ఇరవై ఏళ్ల కిందట నా తోటలో దొరికినదాన్ని దాచానని ఒప్పుకున్నాను.

"ఏం దొరికింది?" అన్నారు.

"ఒక బిడ్డ," అన్నాను.