పూచీ

"చీమలు. గోడ నిండా చీమలు. తుడిచెయ్యండప్పా," అంటూ బసవన్న మంచం మీద గింజుకుంటున్నాడు. కాళ్ళూ చేతులూ పంచెలతో మంచం కోళ్ళకు కట్టేశారు. సున్నం కొట్టిన ఆ గోడ మీద ఒక్క చీమ కూడా లేదు.

కాంపౌండర్ శాంతయ్య మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. లెక్కకు అందనంత వడిగా కొట్టుకుంటోంది. ఒళ్ళంతా చెమట. వేళ్ళు ఒక్క క్షణం నిలవడం లేదు.

"ఎప్పటి నుంచి ఇట్ల?"

"మొన్న పొద్దున మొదలాయె," అన్నాడు బసవన్న బామ్మర్ది ఓబులేసు. "అంతకు ముందు దినమే మా బావ పోలీసోళ్ళను తోడుకోని పోయి ఈరక్క సారా కుండలు పగలగొట్టిచ్చినాడు. ఆయమ్మ దోసెడు మన్నెత్తి పోసింది. చేతబడే ఇది. ఆయమ్మ కోసం మనుషుల్ని పంపినాను, ఈడికే ఈడ్చుకొస్తారు."

శాంతయ్యకు ఈ జబ్బు తెలుసు. కర్నూల్లో ఆసుపత్రి పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటివాళ్ళను చూశాడు. రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే రెండో రోజుకో మూడో రోజుకో లేని పురుగులు, లేని మనుషులు కనబడతారు. కొందరు మూర్ఛలొచ్చి పోతారు కూడా. కానీ బసవన్న ఆ ఊరి మద్యనిషేధ కమిటీకి పెద్ద.

"కోపం చేసుకోవద్దప్పా. ఈయనకు ఎప్పుడన్నా తాగే అలవాటు..."

ఓబులేసు అతని చొక్కా పట్టుకున్నాడు. "పెండ్లిలో కల్లుముంత ముట్టని మనిషి మా బావ. ఇంకొకసారి ఆ మాట అంటే బాగుండదు."

శాంతయ్య చొక్కా విడిపించుకుని సంచి వైపు తిరిగాడు. సంచిలో ఒకే ఒక్క సీసా నిద్రమందు ఉంది. తాగుడు మానినందువల్ల వచ్చిన జబ్బయితే అది ప్రాణం నిలుపుతుంది. మెదడుకు ఎక్కిన జ్వరమయితే, ఆ మందుతో పడుకున్న మనిషి మళ్ళీ లేవకపోవచ్చు.

బసవన్న చూపు గోడ మీద నుంచి వాకిలి వైపు తిరిగింది. గొంతు మారింది. "బొజ్జన్నా, పైకి రా. తాడు ఇడిచినాను. పట్టుకోని రా నాయనా."

ఆయన భార్య రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బొజ్జన్న ఆయన తమ్ముడు. రెండేళ్ళ కిందట నీళ్ళు అడుగంటితే బావి లోతు చేయించడానికి బసవన్నే అతన్ని దింపాడు. దరి కూలి అతను అందులోనే పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు బావిలోంచి తమ్ముడు పిలుస్తున్నాడని బసవన్న రాత్రీ పగలూ కన్ను మూసేవాడు కాదు. మూడుసార్లు బావిగట్టు మీద నుంచి పట్టుకొచ్చారు.

"అప్పుడు ఎట్ల తగ్గిందమ్మా?" అడిగాడు శాంతయ్య.

"మొక్కుకుంటిమి. తగ్గె," అంది రామసుబ్బమ్మ తల ఎత్తకుండా.

బయట గోల వినబడింది. నలుగురు మగవాళ్ళు ఈరక్కను ఈడ్చుకొచ్చి వాకిట్లో బండిచక్రానికి కట్టేస్తున్నారు. మొగుడు పోయిన మనిషి. పొలాలు ఎండిపోయి, ఊరి జనమంతా గంజి కేంద్రం ముందు వరస కట్టే ఆ కరువులో సారా కాచి బతుకుతోంది.

ఓబులేసు చింతబరికె తీశాడు. "చేసింది నువ్వు. తీసేది కూడా నువ్వే."

శాంతయ్య అడ్డం వెళ్ళాడు. "ఒక్క మాట అడగనీయప్పా. ఈరక్కా, బసవన్న నీ దగ్గర తాగేవాడా? నిజం చెప్పు. మనిషి పోయేటట్టుండాడు."

ఈరక్క చూపు అతని భుజం మీదుగా గడప దాకా పోయి వచ్చింది. "లేదు. ఆ మనిషి ఏ పొద్దూ నా దగ్గర తాగల్యా."

తన అంచనా తప్పేనేమో అనుకున్నాడు శాంతయ్య. తన్నులు తప్పించుకోవడానికైనా అవునని ఉండేది. అనలేదంటే అది నిజమే.

బరికె ఈరక్క చేతి మీద చెళ్ళున తగిలింది. "నాకు చేతబడి రాదప్పా," అంది. మళ్ళీ తగిలింది. మోచేతి కింద చర్మం చిట్లి రక్తం కారింది.

అంతలో లోపల మంచం దడదడలాడింది. శాంతయ్య పరుగెత్తాడు. బసవన్న వెన్ను విల్లులా వంగింది. కళ్ళు తేలేశాడు. నోట్లో నురగ. శాంతయ్య కట్లు విప్పి ఆయన్ను పక్కకు తిప్పి పట్టుకున్నాడు. మూర్ఛ ఆగేసరికి బసవన్న ముఖం నీలమైంది. ఇంకొక్కటి వస్తే తట్టుకోడు. కర్నూలు ఇరవై మైళ్ళు, అదీ ఎద్దుల బండి మీద.

శాంతయ్య సీసా తీశాడు. మూత తిప్పలేక చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మందు పొయ్యి శాంతయ్యా," అంది రామసుబ్బమ్మ.

"అమ్మా, నా అంచనా తప్పైతే..."

"తప్పు కాదు. ఏమన్నా అయితే నాది పూచీ." ఆమె గడప దగ్గరికి వచ్చింది. "ఓబులేసూ, ఆయమ్మ కట్లిప్పు."

"అక్కా, నీకు మతి ఉండాదా?"

"ఇప్పమంటాండా."

శాంతయ్య మందు కొలిచి కొంచెం కొంచెంగా తాపించాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు. గంట గడిచింది. బసవన్న చేతుల వణుకు సన్నగిల్లింది. ఆయన పక్కకు ఒత్తిగిల్లి, మూడు రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాడు. ఊపిరి నిదానంగా ఆడుతోంది. ఓబులేసు కర్నూలుకు బండి కట్టించడానికి వెళ్ళిపోయాడు.

శాంతయ్య చెమట తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు. రామసుబ్బమ్మ కింద కూర్చుని ఈరక్క చేతికి పసుపు అద్దుతోంది. ఆ ఇంటి ఇల్లాలు అలా కూర్చోవడం అతనెన్నడూ చూడలేదు.

"అమ్మా, ఆయన చుక్క ముట్టలేదని ఊరంతా అంటాండాది. దెబ్బలు తిని కూడా ఈరక్క ఆ మాట మార్చల్యా. మీరు అంత ధైర్యంగా ఎట్ల పూచీ పడితిరి?"

ఈరక్క గబుక్కున రామసుబ్బమ్మ చేయి పట్టుకుంది. "వద్దు తల్లీ. చెప్పగాకు."

రామసుబ్బమ్మ ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. లోపల నిద్రపోతున్న మొగుడి వైపు ఒకసారి చూసింది.

"రెండేండ్లుగా కషాయమని చెప్పి ఆయనకు సారా తాపింది నేనే."