పాప పక్కన ఎవరు?

“తల్లినీ పిల్లనీ విడదీస్తారా? ఇదెక్కడి న్యాయమమ్మా!” విమానాశ్రయంలో కౌంటర్ మీద అరచెయ్యి చరిచాడు తాపీ మేస్త్రీ.

భార్యకు ఎనిమిదో వరుస, అతనికి ఇరవయ్యో వరుస, నాలుగేళ్ల పాపకు ముప్పయ్యో వరుస వచ్చాయి. పక్కపక్క సీట్లు కోరుకుంటే అదనంగా కట్టాలట.

“దమ్మిడీ కట్టను. పసిది తల్లి పక్కన లేకుండా ఎట్లా ఉంటుంది?”

భార్య పొద్దున్నుంచీ పాపను చంకనేసుకుని తిరుగుతోందేమో, నిలబడే కునుకు తీస్తోంది.

కౌంటర్లోని అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. “ఏమీ కట్టక్కర్లేదండీ. చిన్నపిల్లల్ని పెద్దవాళ్ల పక్కనే కూర్చోబెడతాం. అమ్మగారి పక్కన ఖాళీ లేదు, మీ పక్కన ఉంది. పాపను అక్కడికి మార్చేస్తాను.”

మేస్త్రీ కౌంటర్ మీది చెయ్యి చటుక్కున తీసేశాడు. “నా పక్కనా? వాళ్లమ్మ లేకపోతే ఇది ఊరుకోదమ్మా!”

“ఊరుకుంటుంది. మార్చెయ్యి తల్లీ,” అంది భార్య. ఆమె నిద్రమత్తు ఎటుపోయిందో!

పాపను అతని చంకకు మార్చి, తన సీటు కాగితం పుచ్చుకుని చకచకా నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి కేక.

“ఏమేవ్! దీనికి ఆకలేస్తే ఏం పెట్టాలి? నిద్రొస్తే ఎట్లా పడుకోబెట్టాలి?”

ఆమె ఆగింది గానీ వెనక్కి రాలేదు.

“నాకు మాత్రం ఎవరు చెప్పారయ్యా? దాన్ని అడిగే తెలుసుకున్నాను.”

మేస్త్రీ పాప ముఖంలోకి చూశాడు. “ఏం తింటావు తల్లీ?” అన్నాడు, గోడ ఎక్కడ లేపమంటారని ఇంటాయనను అడిగినంత మర్యాదగా.