పార్కింగ్ కింద

ఏలూరు బైపాస్ పక్కనున్న ఆ మాల్ మొదట రెండంతస్తుల బట్టల కొట్టు. తరవాత సినిమా హాళ్ళొచ్చాయి. మూడోసారి పెంచినప్పుడు కార్ల పార్కింగ్ కోసం వెనకాల చేపల చెరువు పూడ్చేశారు. ఆ ముందు రోజే చేపలకి మేత వేయడానికి పడవెక్కిన సూర్రావు తిరిగి గట్టెక్కలేదు. నీళ్ళు తోడి వెతకమని భార్య అమ్మాజీ కాళ్ళావేళ్ళా పడింది. "ఎటో పోయుంటాడులే" అని మాల్ వాళ్ళు మట్టి లారీలు దింపేశారు.

ఇప్పుడామె ఆ మాల్లోనే రాత్రిపూట నేల తుడుస్తోంది. ఆయనకి దగ్గరగా ఉన్నట్టుంటుందని.

ఒక రాత్రి పార్కింగ్ తుడవడానికి బకెట్టుతో లిఫ్టెక్కింది. లిఫ్టు పార్కింగ్ దగ్గర ఆగలేదు. దిగుతూనే ఉంది. భయపడి సూపర్‌వైజర్ ఫణికిరణ్‌కి ఫోన్ చేసింది.

"బాబూ, లిఫ్టు ఇంకా కిందికి పోతోందండి!"

"పార్కింగ్ కింద ఇంకేం లేదండి అమ్మాజీ గారూ. అంతా మట్టే."

లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా చీకటి. చెరువు బురద వాసన గుప్పుమంది. ఆ చీకట్లో ఎవరో పడవకి గెడ వేస్తున్నారు. నీళ్ళ చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ చప్పుడు. దగ్గరికొస్తోంది.

"ఏవండీ... మీరేనా?"

చప్పుడు ఆగిపోయింది.

"అక్కడే ఉండు అమ్మాజీ." సూర్రావు గొంతే. "దిగకు. ఇక్కడ నేనొక్కణ్ణే లేను."

"పైకి నొక్కండమ్మా!" ఫోన్లో ఫణికిరణ్ అరుస్తున్నాడు.

అమ్మాజీ తలుపులు మూసుకోకుండా బకెట్టు అడ్డం పెట్టింది. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.